నేను ఏ బొమ్మ లెక్కున్న, మేడం?

ఈ రోజు జైల్లో ఖైదీలకు నేను చెప్పే బొమ్మల క్లాసులో పాఠం ‘మనిషి ముఖం’. ఒకే చిత్రకారుడు పడుచుతనంలో ఒకసారి, ముసలితనంలో ఒకసారి వేసుకున్న తన బొమ్మలు రెండూ గోడకి అంటించాను. నాకు మనుషుల ముఖాల్లోకి చూసి మాట్లాడటం రాదు. బొమ్మలనైతే ఎంతసేపైనా చూస్తాను.

కొత్తగూడెం ఆయన ఒకరు, ఒకప్పుడు బొగ్గు బావిలో పనిచేసినాయన, లేచి నిలబడ్డారు.

“ఈ రెండిట్ల నేను ఏ బొమ్మ లెక్కున్న, మేడం?”

“అద్దంల చూస్కోరాదు, మామా!” అన్నాడు వెనక కూర్చున్నతను. అందరూ నవ్వారు.

“గా అద్దం అరచెయ్యంత గూడ లేదు. ముక్కు కనపడితే చెవి కనపడదు,” అని ఆయన మళ్లీ నావైపు తిరిగారు. “రేపు ములాఖత్‌కు నా బిడ్డ వస్తాంది, మేడం. ఎప్పుడో చిన్నగున్నప్పుడు చూసింది నన్ను. గందుకే అడుగుతున్న.”

అప్పుడు తలెత్తి ఆయన ముఖం చూశాను. పడుచు బొమ్మ చూపిస్తే సంతోషపడేవారేమో. ముసలి బొమ్మే చూపించాను.

ఆయన దాన్ని కాసేపు చూశారు. “అవ్. అయితే ఇయ్యాల్నే ఫోన్ల చెప్తా. లేకుంటే పోరి వేరేటోని కోసం చూస్తది,” అని కూర్చున్నారు.

నేను మిగతా పాఠం చెప్పేసి కారేపల్లి బస్సెక్కాను. ముసలి బొమ్మ చూపించినందుకు దారి పొడుగునా ఏమీ అనిపించలేదు. ఇంటికొచ్చి అన్నం తిన్నాక కూడా ఏమీ అనిపించడం లేదు.

మీరైతే ఏ బొమ్మ చూపించేవారు?