సేవ్ తీసేసిన మధ్యాహ్నం

పటాన్‌చెరులోని ఒక మందుల పరిశోధన సంస్థలో నేను చేరిన కొత్తలో జరిగిందిది. కొత్త మందు ఎలా పనిచేస్తుందో లెక్క కట్టడానికి గది నిండా కంప్యూటర్లను కలిపి నడిపేవాళ్లం. ఆ రోజు సాయంత్రంలోగా ఫలితం పంపకపోతే ప్రాజెక్టు పోతుంది, దాంతో నా ఉద్యోగమూ పోతుంది. లెక్కేమో నత్తనడక. ఇంకొన్ని కంప్యూటర్లు కలిపితే మరీ నెమ్మదించింది! నాకు ఏడుపొక్కటే తక్కువ.

పక్క సీటు అనితక్క వచ్చి తెర చూసింది.

"ఏందే ఇది? ఒక్క మిషన్ గూడ పని చేస్తలేదు. అన్నీ ఆ ఒక్క డిస్క్ కాడ లైన్ గట్టినయ్!"

అప్పుడు వెలిగింది నాకు. యూపీఎస్ పాడై మూలన పడింది, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఆ భయంతో లెక్కలో ఒక్కో మెట్టు పూర్తవగానే ప్రతి కంప్యూటరూ అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ఆ డిస్క్‌లో సేవ్ చేయాలని పెట్టింది నేనే.

"సేవ్ తీసెయ్."

"కరెంటు పోతే అక్కా?"

"ఇద్దరం కలిసి ఏడుద్దాం. గిట్ల నడిస్తే కరెంటున్నా నీ పని పోతదే!"

కిటికీ అవతల లక్డారం వైపు మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. సేవ్ తీసేశాను. లెక్క పరుగందుకుంది. అంతలో ఉరిమింది. లైట్లు మినుకుమన్నాయి. నా గుండె ఆగినంత పనైంది గానీ కంప్యూటర్లు ఆగలేదు.

ఫలితం పంపిన కాసేపటికే కరెంటు పోయింది. చీకటి గదిలో అక్క చెయ్యి పట్టుకుని నిజంగానే ఏడ్చాను.

ఇప్పుడు ప్రతి మిషనూ తన సొంత డిస్క్‌లోనే, అదీ అప్పుడప్పుడే సేవ్ చేసుకుంటుంది. అయినా ఉరిమితే చాలు, నేనింకా అనితక్క సీటు వైపే చూస్తాను.

– స్వప్న, వెలిమెల