ఒక్క బొమ్మ ఎక్కువైన గొంతు

ఈమధ్య కూర్మన్నపాలెం వెళ్లే బస్సులో నా పక్క సీటు కుర్రాడు ఫోన్‌లో ఏదో పాఠాన్ని వేగం పెంచుకుని వింటున్నాడు. చెప్పే మాస్టారి గొంతు పీలగా, ఉడుత పరుగులా పోతోంది. కుర్రాడికి పట్టింపు లేదు. నాకు మాత్రం పైడిరాజు గుర్తొచ్చి, దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

పైడిరాజు నాకు పని నేర్పిన యజమాని. తొంభైల్లో విశాఖపట్నం మొత్తానికి పెద్ద వీడియో స్టూడియోలో పనిచేశానని మనవలకు చెబుతుంటాను. నిజానికది మద్దిలపాలెంలో టిఫిన్ హోటల్ పైన ఒకే ఒక్క గది. పాత ఫిల్ము రీళ్లను టీవీలో ఆడే క్యాసెట్లుగా మార్చేవాళ్లం. ఫిల్ములో సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు కదులుతాయి. మన టీవీకి ఇరవై ఐదు కావాలి. అందుకని ఫిల్మును రవ్వంత వేగంగా తిప్పేవాళ్లం. బొమ్మలో తేడా ఎవరికీ కనిపించదు. దానితో పాటు పరిగెత్తే శబ్దం మాత్రం సన్నబడుతుంది. నిండు గొంతున్న మనిషి కాస్త పీలగా మాట్లాడతాడు.

చాలాచోట్ల అలాగే ఇచ్చేసేవారు. పైడిరాజు ఒప్పుకునేవాడు కాదు. గొంతును మళ్లీ కిందికి దించే పెట్టె ఒకటి మద్రాసు నుంచి తెప్పించి, దాని మీటను వెంట్రుకవాసి తిప్పుతూ కూర్చునేవాడు. ఆ తేడా మొదట కనిపెట్టింది నేనేనని చాలామందికి చెప్పాను. అబద్ధం. నేను చేరిన కొత్తలో, అంతా బాగుందని క్యాసెట్టు మూసేస్తుంటే, ఆయన భుజం మీది తువ్వాలు తీసి టీవీ మీద కప్పాడు.

"ఇప్పుడిను బావా. ఈ మనిసికి ఎన్నేళ్లుంటాయి?"

ముప్పై అన్నాను. తువ్వాలు తీశాడు. తెర మీద యాభై దాటిన మనిషి.

"ఆళ్లింట్లో ఇది ఏసుకుంటే ఎవుడో పరాయోడు మాటాడినట్టుంటాది" అన్నాడు. ఆ తర్వాత తువ్వాలు కప్పి వినకుండా మా గదిలోంచి ఒక్క క్యాసెట్టూ బయటికి వెళ్లలేదు. ఒక్కటి తప్ప.

అది ఒక ఫ్యాక్టరీవాళ్లు కార్మికులకు జాగ్రత్తలు చెప్పడానికి తీయించిన ఫిల్ము. ముసలి మేస్త్రీ వేషానికి కుదుర్చుకున్న నటుడు రాకపోతే ఆ షూటింగు చూడ్డానికి వెళ్లిన పైడిరాజునే నిలబెట్టారు. గంగాళంలోంచి వచ్చినట్టుండే తన గొంతుతో, టోపీ పెట్టుకోకుండా లోపలికి వెళ్లకు నాయనా, ఇంటికాడ నీకోసం ఎదురుచూస్తారు అని చెప్పాలి. చెప్పాడు. క్యాసెట్టు ఇవ్వాల్సిన రోజున అందరి గొంతులూ సరిచేశాక ఆయనది మిగిలింది. కింద ఫ్యాక్టరీ జీపు హారన్ కొడుతోంది.

"నాదేటుందిలే బావా. అలాగొగ్గీ."

ఒగ్గేశాను, సరిచేయకుండానే. ఎంతో బతిమాలానని ఒకరిద్దరికి చెప్పాను గానీ ఒక్క మాటా అనలేదు. ఆకలేస్తోంది, కింద నుంచి సాంబారు వాసన వస్తోంది.

ఆ తర్వాత కొద్ది కాలానికే పైడిరాజు గుండెపోటుతో పోయాడు. కూతురు గౌరికి అప్పటికింకా సరిగ్గా మాటలు రాలేదు. ఫిల్ము రీలు సముద్రపు గాలికి బూజు పట్టింది. ఆ ఇంట్లో ఆయన మాట వినబడేది, అప్పట్లో ఇంటికి పట్టుకెళ్లిన ఆ క్యాసెట్టు నకలు ఒక్కదానిలోనే.

కంప్యూటర్లు వచ్చాక, కాలేజీలో చదువుతున్న గౌరి దాన్ని సీడీ చేసిపెట్టమని తెచ్చింది. ఇన్నేళ్లకు అవకాశం దొరికిందనుకున్నాను. తెర మీద తువ్వాలు కప్పి, గొంతును కొంచెం కొంచెం దించుతూ పోయాను. ఒకచోట గంగాళం మోగింది. కళ్లు చెమర్చలేదని రాద్దామనుకున్నాను గానీ, వద్దులెండి.

మర్నాడే గౌరి సీడీ వెనక్కి తెచ్చింది.

"ఇది నాన్న గొంతు కాదు మావయ్యా. సిన్నప్పట్నించీ ఆ గొంతే ఇంటన్నాను, నాకు తెలీదేటి?"

ఇరవై నాలుగు, ఇరవై ఐదు అని అంతా విప్పి చెప్పాను. ఓపిగ్గా వింది. నా ఇతర కథలు వినేటప్పుడు పెట్టే మొహమే పెట్టింది. నేను ఊరంతా కోసిన కోతల ఫలితం ఆ పిల్ల కళ్లలో కనబడింది.

"అమ్మ కూడా ఇంది. కాసేపుండి ఆపీమని లోనకెళ్లిపోయింది. నాన్నదే అయితే ఆపమంటాదేటి?"

ఎందుకు ఆపమందో నాకర్థమైంది. ఆవిడ కాపురం చేసింది ఆ గొంతున్న మనిషితోనే. చెప్పబోయి మానేశాను. పాత పీల గొంతుతోనే ఇంకో సీడీ చేసిచ్చాను. సంతోషంగా పట్టుకెళ్లింది.

ఎందరి గొంతులనో వాళ్లవాళ్ల ఇళ్లకు చెక్కుచెదరకుండా చేర్చిన మనిషి, తన కూతురికి మాత్రం వేరే గొంతుతో మిగిలాడు. ఆ వేళ జీపును కాసేపు ఆగమని ఉంటే సరిపోయేది.

గౌరి వద్దన్న సీడీ నా దగ్గరే ఉంది. ఈ కథ విన్నవాళ్లు నవ్వి, ఇందులో నిజమెంత మావా అంటారు. మిగతాదంతా మీకు తోచినంత తగ్గించుకోండి అంటాను. ఆ గొంతు మాత్రం అంతే ఉండేది.