కెంపమ్మ అడిగిన మాట

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా నాయన నిడుగల్లు కొండ కింద గొర్రెలు కాచినవాడు. పాడుబడిన కోటగోడల మధ్య మందతో పాటే పడుకునేవాడు. మేము భయపడితే, "దయ్యం లేదు గియ్యం లేదు. చిరతపులి ఉండాది, దాన్ని చూసుకోండి" అనేవాడు. అట్లా పెరిగినదాన్ని. ఇప్పుడు చెప్పబోయేది కూడా దయ్యం సంగతని అనుకోను. ఏమనుకోవాలో తెలియకనే చెబుతున్నాను.

అప్పటికింకా మైసూరు రాజుల పాలనే. నన్ను పావగడకు ఇచ్చారు. మా ఆయన చుట్టుపక్కల పల్లెల్లో కంబళ్లు కొని సంతల్లో అమ్మేవాడు. కొండ కిందనే మా మట్టి మిద్దె. దానికి ఆనుకుని, వీధిలోకి వేరే వాకిలి ఉన్న గది ఒకటి. వెలుతురు కోసం ఆ గది కప్పులో గవాక్షి వదిలారు. మధ్యాహ్నమైతే దాంట్లోంచి ఎండ దిగి నేల మీద గుండ్రంగా పడేది.

మా కూతురు నాగికి ఆ ఎండే ఆటబొమ్మ. అరచేత్తో మూసేది. ఎండ చేతి మీదికి ఎక్కిందని కిలకిలా నవ్వేది. దానికి "జిల్లి" అని తనే పేరు పెట్టుకుంది. ఏ భాషలోనూ లేని మాట. "అమ్మా, జిల్లి" అంటూ నా కొంగు పట్టుకుని ఆ గదిలోకి లాక్కుపోయేది.

నాగికి మూడో ఏడు నడుస్తుండగా అమ్మవారు పోసింది. మా అత్త నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, "ఏడ్సొద్దు మే. అమ్మ ఇంట్లో ఉన్నెప్పుడు ఏడిస్తే కోపం చేస్కుంటాది" అంది. నేను ఏడవలేదు. వేపకొమ్మతో విసురుతూ కూర్చున్నాను. ముఖమంతా పొక్కులు నిండి, కళ్లు మూసుకుపోయి, చివరికి నా బిడ్డ ముఖం నేనే గుర్తుపట్టలేనట్టు అయింది. బిడ్డ పోయాక ఏడవొచ్చు కదా, అప్పుడు ఏడుపు రాలేదు.

ఆ గదికి తాళం వేశాం. బిడ్డ పేరు ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు. తరువాతి ఏడు అత్త కూడా పోయింది. జిల్లి అనే మాట తెలిసినవాళ్లం నేనూ ఆయనా మిగిలాం.

తాళం వేసిన ఆ వాకిలిని చూడలేకనో ఏమో, మా ఆయన గదిని బాడుగకు ఇద్దామన్నాడు. తాలూకా అమల్దారు కచేరీకి జవానుగా వచ్చిన రంగప్ప, అతని భార్య కెంపమ్మ ఉగాదికి దిగారు. తిపటూరు వైపువాళ్లు. మా కులమే, మాట మాత్రం కన్నడం. మళ్లీ ఉగాది దాకా ఇల్లు వదలకూడదని ఊరి పెద్దమనిషి ఎదుట ఒప్పందం. దాన్ని నమ్మే మా ఆయన మిద్దె మీద కొత్తగా చౌడుమట్టి పోయించాడు.

రంగప్ప తెలుగు నేర్చుకున్నాడు, కెంపమ్మకు బొత్తిగా రాదు. మా ఇద్దరికీ కన్నడం వచ్చు కాబట్టి జరిగిపోయింది. చిన్న పిల్ల, కొత్త కాపురం. రాగిముద్ద కెలుకుతూ పాడుకునేది. అక్కా అక్కా అని నా వెనకే తిరిగేది. ఆమెకు నాగి సంగతి చెప్పలేదు. చెప్పాలంటే పేరు ఎత్తాలి. ఇరుగుపొరుగు చెప్పారేమో నాకు తెలియదు. చెప్పినా, ఒక బిడ్డ పోయిందని చెప్పి ఉంటారు, అంతే.

దసరా ముందు ఒక పొద్దున రంగప్ప వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇల్లు ఖాళీ చేస్తామన్నాడు.

"ఏందప్పా ఇది? ఉగాది దాకా అని కదా మాట్లాడుకొనింది?" అన్నాడు మా ఆయన. "ఏడాది మద్యలో లేసిపోతే ఇంగొకరు యాడ దొరుకుతారు? ఇల్లేమన్నా కారతా ఉండాదా?"

"ఇల్లు బాగుండాది అన్నా. ఆమెకే ఈడ పడలేదు."

"నీ బదులు ఇంగొకర్ని తెచ్చి దింపిపో. లేదంటే మాట మాటే."

రంగప్ప తల వంచుకుని కచేరీకి పోయాడు. మా ఆయన నా వైపు తిరిగి, "నువ్వన్నా పోయి అడుగు. ఆ పిల్ల నీ మాట ఇంటాది" అన్నాడు.

నేను పోయేసరికి కెంపమ్మ గిన్నెలు కంబళిలో మూట కడుతోంది. ఆమె కన్నడంలోనే చెప్పింది. నేను మన మాటల్లో చెబుతున్నాను.

"కోపం చేసుకోవద్దక్కా. నేను నీళ్లు పోసుకున్నా. మద్యాన్నం పండుకుంటే ఒక పాప వస్తాది. నా కొంగు పట్టి లాగుతాది. చెడ్డది కాదక్కా, నవ్వుతాది. అయినా కడుపులో బిడ్డ ఉండాది కదా, భయమైతాది."

చూలింతలకు పగటికలలు మామూలేనని అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మీ తెలుగులో ఏందో చెప్తాది. నాకు అర్థం కాదు. జిల్లి అంటే ఏందక్కా?"

నేల మీద ఎండ పడే చోటు చూపించాను.

నాగి అని బిడ్డ పేరు పలికాను. అంతా చెప్పాను. కెంపమ్మ నా రెండు చేతులూ పట్టుకుని వింది. విన్నాక ఆమె ముఖం పాలిపోయింది.

"పోవద్దు కెంపమ్మా. ఉగాది దాకా ఉండు" అని బతిమాలాను. "నువ్వు పోతే అది ఎవరి కొంగు పట్టుకుంటాది?"

"నా బిడ్డను నేను చూసుకోవద్దా అక్కా?" అని ఏడ్చింది.

ఈ ఒక్క మధ్యాహ్నం నన్ను నీ పక్కన కూర్చోనివ్వమని అడిగాను. సరేనంది.

గోడకు ఆనుకుని ఇద్దరం కూర్చున్నాం. ఎండ నేల మీద పడింది. వీధిలో ఎవరిదో మేక అరుస్తోంది. నిద్ర కాదు, మత్తు కాదు. నాకేమీ కనబడలేదు, ఏమీ వినబడలేదు.

కెంపమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "వచ్చింది" అంది.

నేల మీద పరచుకున్న ఆమె కొంగు చూశాను. దాని అంచు మెల్లగా లేచి బిగుసుకుంది. ఎవరో పట్టుకుని లాగితే బట్ట ఎట్లా సాగుతుందో అట్లా, ఎండ పడినచోటి వైపు. గాలి లేదు. నేను పాకుతూ పోయి ఆ అంచు పక్కన చెయ్యి పెట్టి తడిమాను. ఉత్త గాలి.

"ముఖం ఎట్లుండాది?" అని అడిగాను. "మచ్చలున్నాయా?"

"లేవక్కా. నున్నగా ఉండాది. బుగ్గన దిష్టిచుక్క."

అప్పుడు ఏడ్చాను. బిడ్డ పోయిన ఇన్నాళ్లకు, వీధి వీధంతా వినబడేటట్టు ఏడ్చాను. మా ఆయన పరుగెత్తుకొచ్చాడు. "నాగి" అన్నాను. మిగతాదంతా కెంపమ్మే చెప్పింది. ఆయన ద్వారబంధం పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

సాయంత్రం రంగప్ప వస్తే మా ఆయన, "పో నాయినా. నా మాట నేనే ఎనక్కి తీసుకుంటాండా. పిల్లను జాగర్తగా చూసుకో" అన్నాడు. మర్నాడు పొద్దున్నే తనే బండి మాట్లాడి సామాను ఎక్కించాడు.

కెంపమ్మ అందరికంటే చివర బయటికి వచ్చింది. గడప దాటి ఆగింది. వెనక్కి తిరిగి, వంగి, కొంగును వేళ్లతో నెమ్మదిగా విడిపించుకుంది. చిన్నపిల్ల పిడికిట్లోంచి బట్ట విడిపించుకునేటప్పుడు ఎట్లా చేస్తామో అట్లా. బండి ఎక్కాక నా వైపు చూడలేదు.

ఆమెకు మగబిడ్డ పుట్టాడనీ, తల్లీబిడ్డా చల్లగా ఉన్నారనీ కచేరీవాళ్లు చెప్పారు. ఆ కబురుకు నిజంగా సంతోషించాను.

ఆ గది మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు. నిద్రలో నేనే ఆ మాట అని ఉంటాననీ, గోడ అవతల ఆ పిల్ల విని ఉంటుందనీ మా ఆయన అనేవాడు. అయి ఉండవచ్చు. మరి ఆ కొంగు? దానికి ఆయన ఏమీ అనేవాడు కాదు.

ఎన్నో మధ్యాహ్నాలు ఆ గదిలో కొంగు పరచుకుని పడుకున్నాను. ఒక్కనాడూ ఎవరూ రాలేదు. దయ్యాలున్నాయా అని అడిగితే ఇవాళ్టికీ లేవనే అంటాను. మా ఇద్దరికే తెలిసిన ఆ మాట ఆ పిల్ల నోటికి ఎట్లా వచ్చిందో చెప్పలేను. అదట్లా ఉంచండి. కన్నతల్లిని, ఆ పక్కనే కూర్చున్నదాన్ని. నా బిడ్డ నన్ను దాటి ఆమె దగ్గరికే ఎందుకు పోయిందో, అది మాత్రం నాకు ఇప్పటికీ అంతుపట్టదు.