మా వదిన ఖాళీ బిందెలు

మా దయామణి వదిన ఏడో తరగతితో చదువు ఆపేసింది. వారమంతా మిరప చేలల్లో కూలికి పోతుంది, ఆదివారం చర్చిలో పిల్లలకు సండే స్కూలు చెబుతుంది. పిల్లలు ఏదైనా అడిగితే ఓ పట్టాన జవాబు చెప్పదు. "నువ్వేమంటావు?" అని ఎదురడుగుతుంది. టీచరుకే తెలియక పిల్లల్ని అడుగుతోందని నేను చాలాసార్లు ఎగతాళి చేశాను. పక్కింట్లో ఉండే ఆడబిడ్డను, ఆ మాత్రం హక్కు నాకుంది.

వెలిగండ్ల దగ్గర మా ఊరికి ఎండాకాలంలో రెండు రోజులకోసారి నీళ్ల ట్యాంకరు వస్తుంది. అది వచ్చిందంటే మా కాలనీలో తిట్లు, జుట్లు పట్టుకోవడాలు. పోయిన వేసవిలో ఒకరోజు నా బిందెకు ఇంత సొట్ట పడింది. అవతలామె బిందె సంగతి ఇక్కడ అనవసరం. ఆ సాయంత్రమే వదిన సంఘపెద్ద కరుణాకరం మామ దగ్గరికి వెళ్లి, ట్యాంకరు దగ్గర వరస చూసే పని పిల్లలకు అప్పగించమంది.

"పెద్దోళ్లం మేం చెబితేనే ఇనరు, పిల్లోళ్ల మాట ఇంటారా?" అని ఆయన నవ్వాడు.

"ఒక్క నెల చూడు మామా. ఒక్క తగువొచ్చినా మళ్లీ నిన్ను అడగను."

వారానికొక లీడరు. ముందొచ్చిన బిందె ముందు, చుట్టరికాలు లేవు. ఆ నియమం కూడా పిల్లలే కూర్చుని పెట్టుకున్నారు. వదిన చర్చి గోడ నీడలో నిలబడి, నోరు కట్టేసుకుని చూసేది, అంతే. మూడు వారాలు సాఫీగా గడిచాయి. నాలుగో వారం ఇందు వంతు. పదేళ్ల పిల్ల. సండే స్కూల్లో బైబిలు వాక్యం చెప్పమంటే ముందు వరసకు కూడా వినపడదు. "మా పిల్ల వల్ల కాదు, వదిలెయ్" అని వాళ్లమ్మ బతిమాలినా వదిన వినలేదు. నెల గడువు ఈ పిల్ల చేతిలోనే చెడుతుందని నేను ఖాయం చేసుకున్నాను.

చెడగొట్టబోయింది మాత్రం నేనే.

ఆ శుక్రవారం వదిన మా అమ్మను పొదిలి ఆస్పత్రికి తీసుకెళ్లింది. వాళ్లింట్లో చుక్క నీళ్లు లేవు. ట్యాంకరు వచ్చాక నేను వదిన బిందెలు రెండూ తెచ్చి వరస మొదట్లో పెట్టేశాను. ఇందు వచ్చి వాటిని తీసింది.

"పిన్నీ, ఇవి ఆఖర్న పెట్టాల."

"మీ టీచరువే అవి! ఆమె బిందెలే తీసేస్తావా? ఎవరు నేర్పినారే నీకు?"

"ఆమే నేర్పింది" అంది. ఈసారి వరస చివరిదాకా వినపడింది.

నాకు ఒళ్లు మండిపోయింది. చుట్టూ చూస్తే అందరి చేతులూ తమ తమ బిందెల మీదే ఉన్నాయి. నేనొక్కదాన్ని ముందుకు తోస్తే చాలు, అందరూ తోస్తారు. కరుణాకరం మామ అరుగు దిగి మరీ చూస్తున్నాడు. పక్కకు తప్పుకున్నాను. ఇందు ఆ బిందెలు మోసుకెళ్లి చివర పెట్టింది. వాటి ముందున్న బిందెతోనే ట్యాంకరు ఖాళీ అయింది.

మధ్యాహ్నం బస్సు దిగిన వదినకు ఇందు ఏడుస్తూ ఎదురెళ్లింది.

"అత్తా, నీ బిందెల్లో నీళ్లు పడలేదు. నేనే ఎనక్కి పెట్టినా."

"పెట్టమని ఎవరు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలే."

వదిన ఆ పిల్లను గట్టిగా దగ్గరికి తీసుకుంది. అమ్మను నాకు అప్పగించి, ఖాళీ బిందెలు రెండూ ఎత్తుకుని, ఇందును వెంటబెట్టుకుని, దగ్గర దారి వదిలేసి వీధి మొత్తం తిరిగింది. ఖాళీ బిందెతో ఎదురు రావడం మంచిది కాదని మా వైపు పట్టింపు. ఆమెకు అదేమీ పట్టలేదు. ప్రతి గుమ్మం ముందూ ఆగడం, "మా ఇందు నాకు చుక్క నీళ్లు దక్కనీలేదు, తెలుసా!" అని చెప్పడం. బిడ్డకు ఫస్టు ర్యాంకు వచ్చినంత సంబరం.

"వచ్చే వారం ఎవరమ్మా లీడరు?" అని అడిగాడు కరుణాకరం మామ.

"నన్నెందుకు అడుగుతావు మామా? ఈమెను అడుగు" అంటూ వదిన ఇందును ముందుకు నిలబెట్టింది.

ఆ పూట వదిన ఇంట్లో వంట నా బిందె నీళ్లతోనే. సొట్ట బిందె నిండుగా ఎత్తుకుని వాళ్లింటికి వెళుతుంటే, ఆమెకు ఆడబిడ్డనని వీధంతా వినపడేలా చెప్పుకోవాలనిపించింది.