అమ్మ ఊరంతా పంచిన గిన్నెకోళ్లు

గిన్నెకోడి ఆఫ్రికా అడవుల పక్షి అనీ, వేటకూ విందుకూ పనికొస్తుందని దొరలు ఓడలెక్కించి తెచ్చారనీ చెబుతారు. కావచ్చు. ముద్దనూరు పక్కన మా పల్లెకు మాత్రం దాన్ని తెచ్చింది మా అవ్వ. జమ్మలమడుగులో ఒక దొరసాని బంగళాలో వంట చేసేది, అక్కడినుంచి గుడ్లు అడిగి తెచ్చుకుంది. నల్లటి ఒంటి నిండా తెల్లచుక్కలు, నీలం మొహం, ఎర్ర లోలకులు. ఇంత సింగారం ఉండీ గొంతు మాత్రం దరిద్రం. కొత్త మనిషి సందులో అడుగు పెడితే చాలు, చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. నాకు ఆ గొంతే ఇష్టం.

పార్టీల పేరుతో ఊరు రెండుగా చీలిన రోజులవి. మేం ఏ వర్గంలోనూ లేం. మా ఇల్లు మాత్రం ఒక నాయకుడి ఇంటి వెనక సందులో ఉండేది. ప్రొద్దుటూరు నుంచి, పులివెందుల నుంచి అతని మనుషులు గోనెసంచులతో ఆ సందులోంచే వచ్చేవాళ్లు. సంచుల్లో బాంబులున్నాయని అందరికీ తెలుసు, ఎవరూ చూడనట్టుండేవాళ్లు. మా కోళ్లకు ఆ భయం లేదు, వాళ్లు సందులోకి రాగానే అరిచి ఊరందరికీ చెప్పేవి. ఒక మధ్యాహ్నం వాళ్లలో ఇద్దరు వచ్చి, ఎన్నికలొచ్చేలోగా కోళ్లను కోసేయమని చెప్పి పోయారు. నాన్న కత్తి నూరడానికి కూర్చున్నాడు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే.

అమ్మ కత్తి లాక్కుంది. గిన్నెకోడి పొదగడానికి కుదురుగా కూర్చోదు, దాని గుడ్లు నాటుకోడి కింద పెట్టాలి. పొదుగుమీదున్న కోడి ఎవరింట్లో ఉందో కనుక్కుని అమ్మ వాళ్లందరికీ గుడ్లు ఇచ్చింది. మామూలుగా అయితే పిల్లల్లో సగం, గుడ్లు ఇచ్చినవాళ్లకు వాటాగా రావాలి. అమ్మ తన వాటా వద్దంది. ఎవరు చెప్పినా కోయకూడదని మాత్రం మాట తీసుకుంది.

ఎన్నికలొచ్చేసరికి ఏ సందులో చూసినా అవే అరుపులు. ఆ ఇద్దరూ మళ్లీ వచ్చారు.

"మావి కోస్తే ఏం లాభమప్పా? ఊరంతా అరుస్తాండాయి. పోయి అన్నీ కోసుకోండి" అంది అమ్మ.

ఒకడు చేతికందిన పుంజు మెడ విరిచి పారేసి పోయాడు. అమ్మ ఏడ్చింది, పెంచడం మాత్రం మానలేదు.

ఎన్నికలయ్యాక ఒక పొద్దున ఆ నాయకుడి భార్యే మా పెరట్లోకి వచ్చి గుడ్లు అడిగింది. ఎందుకంది అమ్మ. ఎప్పుడూ పేరు పెట్టి పిలిచే మనిషి ఆ రోజు అక్కా అంది.

"ఎవరొచ్చి ఆయన్ను నరుకుతారో అని నిద్ర పట్టడం ల్యాదక్కా. అవి ఉంటే ముందే తెలుస్తాది."

"ఇస్తా గానీ, మీ ఆయన చెప్పినా కొయ్యగూడదు. మాటియ్యి."

ఆమె మాట ఇచ్చేదాకా అమ్మ గుడ్ల బుట్ట మీద చెయ్యి తీయలేదు.