తడి కంకర మీద రాసిన వ్యాసం

పోయిన ఆదివారం ఖరగ్‌పూర్‌లో, తాల్‌బగీచాలోని మా ఇంటికి నా చివరి శిష్యురాలు వచ్చి, టీ కప్పు పక్కన పెట్టి, తన ఫోను నా కళ్లజోడు ముందుకు తెచ్చింది. ఇన్నేళ్లలో నేను రాసిన పరిశోధన వ్యాసాలన్నీ అందులో వరుసగా ఉన్నాయి. ఒక్కోదాన్ని ఎందరు తమ వ్యాసాల్లో ఉదహరించారో ఆ లెక్కా పక్కనే ఉంది. అన్నిటికంటే పైన నిలిచింది నేను గొప్పవనుకున్నవేవీ కాదు, ఈ ఊళ్లోనే హిజ్లీ ఇంజినీరింగు విద్యాసంస్థలో పరిశోధక విద్యార్థినిగా ఉన్నప్పుడు రాసిన నా మొట్టమొదటి వ్యాసం. మిగతావన్నీ కలిపినా దానికి సాటి రావడం లేదు. ఆ పిల్ల ఆశ్చర్యపోతుంటే నాకు నవ్వొచ్చింది. ఆ వ్యాసానికి బీజం వేసిన మనిషికి ఇంగ్లీషు చదవడం వచ్చేది కాదు మరి.

మా నాన్న రైల్వేలో సిగ్నల్ ఫిట్టరు. తాతల నాడే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన కుటుంబం మాది. ఝపటాపూర్‌లో రెండు గదుల ఇల్లు, ఆదివారం చర్చి, మిగతా రోజులన్నీ డ్యూటీ. పట్టాల గుండా సన్నటి కరెంటు పంపిస్తారనీ, రైలు వచ్చి నిలిస్తే అది చక్రాల గుండా మళ్లిపోయి, లైను ఖాళీగా లేదని సిగ్నల్ క్యాబిన్‌లో తెలుస్తుందనీ మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. చిక్కంతా వానాకాలంలోనే. పట్టాల కింది కంకర నాని, కరెంటు నేలలోకి కారిపోయి, లేని రైలును ఉన్నట్టు చూపించేది. నాన్న గొడుగు పట్టుకొని మైళ్లకొద్దీ నడిచేవారు.

ఒకనాడు అలా తడిసి వచ్చి, తల తుడుచుకుంటూ నా మీద పడ్డారు.

“ఏటమ్మా, అంత సదువు సదివినావు, తడికీ రైలుకీ తేడా సెప్పే మిషనొకటి సెయ్యలేవా? తడి మెల్లగా వస్తాది, రైలు ఒక్కపాలే వస్తాది. ఆ మాత్రం తెల్దా కరెంటుకి?”

నేను అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాను. మెల్లగా మారేదాన్నీ హఠాత్తుగా మారేదాన్నీ విడదీయడం — నా పరిశోధనకు అంతకంటే మంచి ప్రశ్న ఏముంటుంది? మా గైడు ఒప్పుకున్నారు. రెండు వానాకాలాలు ప్రయోగశాలలో తొట్టెల నిండా కంకర పోసి, నీళ్లు చల్లి, కొలిచి, నాన్న చేత తప్పులు దిద్దించుకొని, వ్యాసం రాసి ఒక పెద్ద పత్రికకు పంపాను. ఇది వర్క్‌షాపు వాళ్ల సమస్యే తప్ప పరిశోధన కాదని ఒకే వాక్యంతో తిప్పి పంపారు. రెండో పత్రికా కాదంది. గడువు దగ్గర పడుతోంది, వేరే విషయం తీసుకోకపోతే డిగ్రీ చేతికి రాదేమోనని గైడు మెల్లగా హెచ్చరించారు. ఆ రోజు సైకిలు తొక్కుతూ ఇంటిదాకా ఏడ్చాను, అయినా విషయం మాత్రం మార్చలేదు. చివరికి ఎవరూ అంతగా చదవని ఓ చిన్న పత్రిక వేసుకుంది, డిగ్రీ దక్కింది. చివర కృతజ్ఞతల్లో గైడు పేరు పక్కనే, సిగ్నల్ ఫిట్టరని రాసి మరీ నాన్న పేరు అచ్చు వేయించాను.

తరువాత ఏళ్ల తరబడి దాన్ని పలకరించిన వాళ్లు లేరు. మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఎవరికైనా మన వ్యాసం కావాలన్నా, దాని గురించి ఏమైనా చెప్పాలన్నా ఉత్తరమే రాసేవారు. నేను హిజ్లీలోనే పాఠాలు చెబుతున్న రోజుల్లో విదేశం నుంచి అలాంటి ఉత్తరం ఒకటి వచ్చింది. రాసినాయన రైళ్ల మనిషి కాడు, గుండె చప్పుడు కొలిచే యంత్రాలు చేసేవాడు. రోగికి చెమట పడితే చర్మం మీది సంకేతం మా తడి కంకరలో లాగే చెదిరిపోతోందనీ, నా పద్ధతి పెడితే నిలబడిందనీ రాసి, ఆ ఫిట్టరుగారికి నా నమస్కారాలు చెప్పండి అని ముగించాడు.

నాన్న ఆ ఉత్తరాన్ని నా చేత మూడుసార్లు తెలుగులో చెప్పించుకున్నారు.

“అయితే మనిసి గుండికీ మా లైనుకీ తేడా నేదన్నమాట!”

మర్నాడు నన్ను వెంటబెట్టుకొని సిగ్నల్ షెడ్డుకు తీసుకుపోయారు. డ్యూటీ దిగినవాళ్లు, ఎక్కబోయేవాళ్లు చుట్టూ చేరారు. సుద్దముక్కతో ఇనుప తలుపు మీద బొమ్మ గీసి, వచ్చీరాని బెంగాలీలో, హిందీలో అంతా చెప్పాను. నెరిసిన మీసాల బెంగాలీ హెడ్ మిస్త్రీ ముందుకు వంగి, “దీదీ, ఫిర్ సే బోలో” అన్నాడు. మళ్లీ చెప్పాను. ఈసారి షెడ్డు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టి, నాన్నను భుజాల మీదికి ఎత్తేశారు. తరువాత నేను పెద్ద పెద్ద సభల్లో మాట్లాడాను కానీ, అంత శ్రద్ధగా విన్నవాళ్లు నాకు మళ్లీ దొరకలేదు.

ఆ గుండె యంత్రాల ఆయన వ్యాసం వెలువడ్డాక గేట్లు తెరుచుకున్నట్టయింది. పొలాల్లో నేల తడి కొలిచేవాళ్లు, వంతెనల బీటలు కనిపెట్టేవాళ్లు, పసిపిల్లల ఊపిరి కనిపెట్టుకునేవాళ్లు, ఎవరెవరో నా వ్యాసాన్ని ఉదహరించారు. మొదట కాదన్న ఆ పెద్ద పత్రికే ఈ రంగం మీద సమీక్షా వ్యాసం రాసిమ్మని నన్ను కోరింది. గర్వం లేదని అబద్ధమెందుకు చెప్పాలి, ఆ పత్రిక ఉత్తరం అందుకున్న రోజు నేను విభాగమంతా మిఠాయి పంచాను.

ఇప్పుడు చాలాచోట్ల పట్టాల కరెంటుకు బదులు రైలు చక్రాలను లెక్కపెట్టే పరికరాలు వచ్చేశాయి. వాటికి కంకర తడిస్తేనేం, ఎండితేనేం. నా పద్ధతి ఆస్పత్రుల్లో ఉంది, పొలాల్లో ఉంది, అది పుట్టిన లైను మీద మాత్రం దానితో ఎవరికీ పని లేదు. సంతోషించాల్సిన మాటే. గొడుగు పట్టుకొని వానలో మైళ్లు నడిచే ఫిట్టర్లు తగ్గిపోయారు. అయినా జోరుగా వాన పడుతున్నప్పుడు స్టేషను వైపు చూస్తూ కూర్చుంటాను, ఈ వాన గురించి విసుక్కుంటూ ఇంటికొచ్చే మనిషి నాకిక లేరు కదా అని.