అవతలి ఒడ్డు లేని వంతెనలు

ఎమ్మిగనూరులో చాచా పోయారని మొన్న పొద్దున తొలి బస్సులో వచ్చిన ఆయన అల్లుడు చెప్పాడు. ఆదోనిలో మా ఫోటో స్టూడియోకు వెనక కట్టే బొమ్మల పరదాలు రాసింది ఆయనే. డెబ్బైల్లో మా దగ్గర పెళ్లి ఫోటో దిగినవాళ్లు ఒకసారి తీసి చూసుకోండి. మీ వెనక కనిపించే వంతెన చాచాదే.

ఏ పరదా రాసినా అందులో వంతెన ఉండాల్సిందే. రంగు కలిపిన వేళ్లు గడ్డానికి తుడుచుకునేవారు. గడ్డం చూస్తే చాలు, ఆ రోజు ఏ రంగు వాడారో తెలిసిపోయేది. మనిషిని మాత్రం రాసేవారు కారు. అవతలి ఒడ్డునూ రాసేవారు కారు. వంతెన సగం దాటాక తెల్లటి పొగమంచు, అంతే. రంగు చాలలేదా చాచా అని నేను ఎగతాళి చేస్తే, "ఆ ఒడ్డు నేను యాడ సూసినానప్పా, రాసేకి?" అనేవారు.

ఎనభైల మొదట్లో హొళగుంద నుంచి ఒకామె వచ్చింది. భర్త వాగులో కొట్టుకుపోయాడు, శవం కూడా దొరకలేదు. ఫోటో దిగాక పరదాలోని ఆ మంచును చేత్తో తడిమింది.

"ఒడ్డే ల్యాకపోతే ఆయప్ప యాన్నుంచి వస్తాడన్నా? పూర్తిగా రాయించు," అని ఏడ్చింది.

చాచా మొదట కసిరారు. ఆమె మళ్లీ మళ్లీ వచ్చేసరికి మనసు కరిగి, మంచు మీద ఇసుక ఒడ్డు, సన్నటి కాలిబాట రాశారు.

ఆ తర్వాత ఆ పరదా ముందు నిలబడినవాళ్లెవరూ కెమెరా వైపు చూడలేదు. పెళ్లికొడుకులు, చంటిపిల్లలు, అందరి తలలూ ఫోటోలో వెనక్కి తిరిగే ఉన్నాయి. ఎందుకు తిరిగారని అడిగితే, "ఎవరో పిలిచినట్ల అయింది" అనేవారు. చాచా ఆ ఫోటోలన్నీ చూసి, పరదా చుట్టుకున్నారు.

"బ్రిడ్జి రాసేది నా పని. దాని మింద ఎవరొస్తారో నా సేతిలో ల్యాదు. ఆయమ్మ సెప్పేదాంక మాత్రం సెరపను," అన్నారు.

ఇంట్లో తన మంచానికి ఎదురుగా తగిలించుకుని, ఇన్నేళ్లూ దానికి కాపలా కాశారు. ఎవరో తెలియని మనిషి ఆశ కోసం అంత భయాన్ని ఎదురుగా పెట్టుకుని పడుకున్న ఆయన ముందు నేనెంత!

ఖబరస్తాన్‌లో చాచాకు మట్టి ఇచ్చి వచ్చి, పరదా ఉన్న ఆ గదిలో కూర్చున్నాం. అప్పుడే ఆ హొళగుంద ఆమె వచ్చింది. ఎవరు కబురు చేశారో తెలియదు. జుట్టు నెరిసింది. పరదాను చాలాసేపు చూసి, కళ్లు తుడుచుకుంది.

"ఇంగ సెరిపేయన్నా," అంది. "వచ్చినాడు."

చాచా కుంచెతోనే ఒడ్డు మీద తెల్లరంగు పూశాను. ఆమె లేచి వెళ్లి గడప దగ్గర ఆగింది. పక్కకు తప్పుకుని, ఎవరికో దారి వదిలి, ఆ తర్వాత తాను బయటికి నడిచింది.